పాలివారు

సహవాసమనే మాట తెలుగువారికి క్రొత్తది కాదు. ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారని మన సామెత. పిల్లవాడు పాడైతే సహవాసదోషమంటాము, బాగుపడితే సత్సాంగత్య ఫలమంటాము. ఈ అర్థంలో సహవాసమంటే కలిసి తిరగడం, ఒకరి గాలి ఒకరికి సోకడం. క్రైస్తవులు తమ ఆరాధనలలోను, ప్రార్థన కూటాలలోను ఇదే మాటను పదే పదే వాడుతారు. అయితే వారి గ్రంథంలో ఈ మాట వెనుక నిలిచి ఉన్న గ్రీకు పదం 'కొయినోనియా'. దాని స్వభావం మన సామెతలోని సహవాసానికి కొంత భిన్నమైనది.

ఆ భేదాన్ని గ్రహించడానికి తెలుగు బైబిలు అనువాదకులే మనకు తోడ్పడుతారు. అపొస్తలుల కార్యములలో, యెరూషలేములోని తొలి విశ్వాసుల నడవడిని వర్ణించే చోట, వారు ఈ పదాన్ని 'సహవాసము' అన్నారు. రోమా సంఘానికి వ్రాసిన పత్రికలో, మాసిదోనియ, అకయ ప్రాంతాల వారు యెరూషలేములోని బీదల కోసం సొమ్ము పోగు చేసిన సందర్భంలో, అదే పదానికి 'చందా' అని వ్రాశారు. లూకా సువార్తలో జెబెదయి కుమారులను గురించి చెప్పేటప్పుడు, అదే ధాతువు నుండి పుట్టిన మాటను 'పాలివారు' అని తెలిగించారు. సహవాసము, చందా, పాలివారు: మూడూ ఒక్క వేరు నుండి మొలిచిన కొమ్మలే.

వీటిలో మూడవది నాకు మిక్కిలి ఇష్టమైనది. ఎవరా పాలివారు? గలిలయ సరస్సులో చేపలు పట్టుకొనే బెస్తలు. సీమోను దోనె ఒకటి, జెబెదయి కుమారుల దోనె మరొకటి. వల నిండినప్పుడు ఈ దోనెవారు ఆ దోనెవారిని సైగ చేసి పిలిచారు. ఏమీ పడని రాత్రి నష్టం కూడ ఇద్దరిదే. కోస్తా జిల్లాలలో పాలివాడంటే దాయాది. పాలివారి మధ్య ప్రేమ పొంగిపోతుందని ఎవరూ అనరు. వారి నడుమ హక్కు ఉంటుంది, బాధ్యత ఉంటుంది, మైల ఉంటుంది, ఒక్కొక్కప్పుడు వ్యాజ్యం కూడ ఉంటుంది. కాని ఒకని ఇంట చావు వస్తే రెండవవాడు నాకేమి పట్టిందని కూర్చోలేడు. అతనికి పట్టి తీరుతుంది. క్రైస్తవ సహవాసంలోని ఆంతర్యం ఇదేనని నా ఉద్దేశం. నచ్చినవారిని ఎంచుకొని చేసే స్నేహం వేరు. ఒకరి లాభనష్టాలు ఒకరికి తగిలే పొత్తు వేరు.

ఈ విషయాన్ని గ్రంథాల నుండి కాక ఒక ఊరి నుండి పరిశీలిద్దాము. ఆ ఊరు భిలాయి.

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తీసే కర్మాగారం నిర్మించాలన్నది సంకల్పం. రాయపూరుకు, దుర్గుకు నడుమ రైలుమార్గం ప్రక్కన భిలాయి అప్పటికొక చిన్న గ్రామం. దక్షిణాన దల్లీ-రాజహరా గనులలో ఇనుప ఖనిజం, సమీపంలో నందిని సున్నపురాయి ఉన్నాయి. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ తరువాత దేశంలోని రైలు పట్టాలలో ఎంత భాగం ఇక్కడ తయారైందంటే, దూర ప్రయాణం చేసిన పాఠకులలో భిలాయి ఇనుము మీదుగా పోనివారు అరుదు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడే వరకు ఈ ఊరు మధ్యప్రదేశ్‌లో ఉండేది.

ఊరు కట్టినప్పుడు మనుషులు కావలసివచ్చారు. చుట్టుపట్ల రైతులు వచ్చారు. కేరళ నుండి, పంజాబు నుండి, ఒరిస్సా నుండి, బెంగాలు, బీహారుల నుండి వచ్చారు. తెలుగువారికి దారి సులువు. విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరుకు రైలుమార్గం అంతకు ముందే ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుండి ఎన్నో కుటుంబాలు ఆ దారిన తరలిపోయాయి. నేటికీ ఖుర్సీపార్, క్యాంపు ప్రాంతాలలో తెలుగు మాట వినబడుతుంది.

అలా వెళ్లినవారిలో క్రైస్తవులు కూడ ఉన్నారు. వారి పరిస్థితిలో ఒక విశేషమున్నది. ఆంధ్రదేశంలో మిషనులు పని చేసిన కాలంలో ప్రాంతాలు పంచుకొన్నాయి. గుంటూరు సీమ లూథరనులది, నెల్లూరు, ఒంగోలు అమెరికను బాప్టిస్టులవి, కాకినాడ మొదలు ఉత్తరానికి కెనడా బాప్టిస్టులు, బందరు, దోర్నకల్లు ఆంగ్లికనులు, మెదకు వెస్లియనులు, కడప లండను మిషను, పాలమూరు మెన్నొనైటు బ్రదరెన్. అందుచేత పల్లెలోని క్రైస్తవునికి ఏ సంఘంలో చేరాలనే ప్రశ్నే ఉండేది కాదు. పుట్టిన తావును బట్టి అది తేలిపోయేది. బాప్తిస్మం చిలకరింపుతోనా, ముంచుటతోనా అన్నది కూడ జిల్లాను బట్టే నిర్ణయమయ్యేది!

ఉక్కునగరంలో ఆ సరిహద్దులు నిలవవు. ఒకే వరుస క్వార్టర్లలో లూథరను ప్రక్కన బాప్టిస్టు, అతని ప్రక్కన మలయాళపు మార్తోమా క్రైస్తవుడు, ఎదురుగా కథోలికుడు కాపురముంటారు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే తలుపు తట్టేది దగ్గరి ఇంటివారిదే. వారి మతసిద్ధాంతం విచారించే తీరిక ఎవరికుంటుంది? పెద్దలు సమావేశాలలో దశాబ్దాలు చర్చించి సంఘాలను ఐక్యపరిచారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులోను, ఉత్తర ఇండియా సంఘం 1970 నవంబరు 29న నాగపూరులోను ఏర్పడ్డాయి. అవి చిన్న విజయాలు కావు. కాని పారిశ్రామిక నగరాలలో ఆ పని కొంత ముందుగానే వంటింటి గుమ్మాల వద్ద మొదలై ఉంటుందని ఊహించడం తప్పు కాదనుకొంటాను.

ఇక్కడ ఇంకొక చిక్కు ఎదురవుతుంది. అది ఆదివారం.

బ్లాస్ట్ ఫర్నేసు ఆదివారమని ఆగదు. ఒకసారి వెలిగించిన తరువాత అది ఏళ్ల తరబడి మండుతూనే ఉంటుంది. కోకు బట్టీల సంగతి మరీ సున్నితం. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో ఉండే వాటి ఇటుకలు చల్లబడితే పగుళ్లు వారుతాయి. కనుక మనుషులే మూడు షిఫ్టులుగా మారుతారు. వారపు సెలవు అందరికీ ఆదివారమే రాదు. ఒక వారం ఉదయం, మరొక వారం మధ్యాహ్నం, ఇంకొక వారం రాత్రి. ఆరాధనకు గంట మ్రోగే వేళకు ఒకడు కొలిమి ముందు ఉంటాడు. మరొకడు రాత్రంతా మేలుకొని వచ్చి, కిటికీకి దుప్పటి కట్టుకొని నిద్రలో ఉంటాడు. ఇది విశ్వాసలోపమని పల్లె నుండి వచ్చిన ముసలి తండ్రికి తోచవచ్చును. కాని చరిత్ర తెలిసినవారు అలా అనరు.

ఎందుకనగా, తొలి క్రైస్తవులకు కూడ ఆదివారం సెలవు లేదు. రోమను సామ్రాజ్యంలో అది సెలవుదినమైనది కాన్‌స్టంటైను చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 321లో. అంతకు ముందు దాదాపు మూడు వందల ఏళ్లు వారు పనికి పోకముందో, పని ముగిసిన తరువాతనో కూడుకొన్నారు. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు ప్లినీ తన చక్రవర్తి ట్రాజనుకు ఒక నివేదిక పంపాడు. విచారణలో పట్టుబడిన క్రైస్తవులు నియమిత దినాన తెల్లవారకముందే కూడుతారనీ, విడిపోయి, మరల భోజనానికి కలుస్తారనీ అందులో ఉన్నది. ఆ భోజనం సామాన్యమైనది, నిరపాయమైనది అని కూడ ఆయన తేల్చి చెప్పవలసివచ్చింది!  ఆ విధంగా చూస్తే, షిఫ్టు దిగి వచ్చి రాత్రి పదిన్నరకు ఎవరి ఇంటనో ప్రార్థనకు కూర్చునే భిలాయి కార్మికుడు, ఆదివారం ఇస్త్రీ బట్టలతో గుడికి పోయే మనకంటె మొదటి శతాబ్దానికి దగ్గరగా ఉన్నాడు.

ఈ వేళల చిక్కు నుండే క్రైస్తవ సాహిత్యంలోని మొట్టమొదటి సహవాస కలహాలలో ఒకటి పుట్టింది. కొరింథు నగరంలోని సంఘంలో ప్రభువు బల్ల, మామూలు భోజనము ఒకే కూటంలో జరిగేవి. తీరిక గలవారు ముందుగా వచ్చేవారు, తెచ్చుకొన్నది తినేవారు, త్రాగేవారు. మిగిలినవారు వచ్చేసరికి వారు మత్తులో, వీరు ఆకలిలో! ఆలస్యంగా వచ్చినవారు యజమాని పని ముగించుకొని వచ్చిన బానిసలు, కూలీలు అయి ఉంటారని పలువురు పండితుల అభిప్రాయం. ధనికుని ఇంటి భోజనశాలలో పట్టేది తొమ్మిది పదిమందికే. మిగిలినవారు బయటి ముంగిట సర్దుకోవలసినదే. ఈ వార్త విన్న పౌలు కోపం ఆ పత్రికలో దాగలేదు. అది ప్రభువు భోజనమే కాదన్నాడు. లేనివారిని సిగ్గుపరుస్తున్నారన్నాడు. చివరకు ఆయన విధించిన నియమం ఆశ్చర్యకరంగా చిన్నది: ఒకరి కొరకు ఒకరు కనిపెట్టుకొని ఉండండి. గొప్ప వేదాంతమంతా వచ్చి ఆగినది గడియారం దగ్గర. మూడు షిఫ్టుల ఊరిలో ఆ ఆజ్ఞకు అర్థం చెప్పే వ్యాఖ్యాత అవసరం లేదు. కూటం ఎన్ని గంటలకు పెట్టాలి అని తీర్మానించేటప్పుడు, ఎవరి సౌకర్యం చూశారో అడిగితే చాలు, ఆ సంఘంలో సహవాసం ఎంత ఉన్నదో తేలిపోతుంది.

వేళలు సర్దుకోవచ్చును. పుట్టుక సర్దుకొనడం కష్టం. తెలుగు క్రైస్తవ చరిత్రను గౌరవించే వారెవరైనా ఈ మాటను దాటవేయరాదు.

1866లో ఒంగోలు వచ్చిన జాన్ ఎవరెట్ క్లవ్ అనే అమెరికను బాప్టిస్టుకు తొలినాళ్లలోనే ఈ పరీక్ష ఎదురైంది. ఊరిలోని పై కులాల వారు కొందరు ఆయన బోధ శ్రద్ధగా వింటున్నారు. అంతలో తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి వెంట అతని వారు రాసాగారు. వీరిని చేర్చుకొంటే మేము రామన్నారు పైవారు. క్లవ్ దంపతులు ఆ రాత్రి బైబిలు తెరచి ఆలోచించి, పేదలను చేర్చుకొన్నారు, పైవారు వెళ్లిపోయారు. ఆ తరువాత గొప్ప కరవు వచ్చినప్పుడు క్లవ్ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం త్రవ్వే గుత్త తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

క్లవ్ నిర్ణయం సరియైనదే. కాని కథ అక్కడితో ముగిసిపోలేదు. కాలక్రమాన ఒంగోలు ప్రాంతపు సంఘాలలో మాదిగలు, గుంటూరు ప్రాంతపు లూథరను సంఘాలలో మాలలు అధిక సంఖ్యాకులైనారు. గోడ బయటనే కాదు, లోపల కూడ లేచింది. ఆరాధనలో ఒక్కటైనవారు పిల్ల నిచ్చే వేళకు వేరయ్యారు. సంఘపు పదవుల ఎన్నికలలో ఏ వాడవారు ఎందరని లెక్కలు వేసుకొనడం మన ప్రాంతపు క్రైస్తవులకు తెలియని సంగతి కాదు. ఈ రోగం మొదటి శతాబ్దంలోనే ఉన్నదనడం ఓదార్పు కాదుగాని నిజం. అంతియొకయలో యూదేతర విశ్వాసులతో కలిసి భోంచేస్తూ వచ్చిన పేతురు, యెరూషలేము నుండి కొందరు రాగానే పంక్తి నుండి లేచి తప్పుకొన్నాడు. బర్నబా వంటి సాధువు కూడ అతని వెంట నడిచాడు. పౌలు అందరి ఎదుట అతనిని నిలదీశాడు. గమనింపదగినది ఏమంటే, పేతురు ఏ సిద్ధాంతాన్ని కాదనలేదు. విస్తరి మాత్రమే మార్చుకొన్నాడు.

పంక్తి భోజనపు ప్రశ్న తెల్లదొరలకు కూడ తగిలింది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో దోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చి, తెలుగువారి మధ్య తన బ్రతుకంతా గడిపాడు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికను సంఘంలో బిషప్పయిన మొదటి భారతీయుడాయన. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మిషనరీలకు, వారి భారతీయ సహచరులకు మధ్య నున్న దూరాన్ని గురించి ఆయన నిర్భయంగా ప్రసంగించాడు. వారు చేసిన త్యాగాలన్నిటినీ ఒప్పుకొన్నాడు. ఆ పైన ఆయన అడిగినది ధనం కాదు, బడులు కాదు, స్నేహితులను. సభలో కొందరికి ఆ మాట రుచించలేదు. ఆయన బిషప్పుగా ఉన్న దోర్నకల్లు సీమలో పేద స్త్రీలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేసేవారు. అది సంఘానికి కానుక. తమకే చాలని బియ్యంలోనుండి తీసిన పిడికెడు! గ్రీకు మాటకు ఇంతకు మించిన అనువాదం నాకు కనబడలేదు.

మరల భిలాయికి వద్దాము. నేటి భిలాయిలో గోడ మరొక రూపంలో ఉన్నది. కర్మాగారపు స్థిర ఉద్యోగి ఒకడు, కాంట్రాక్టు కూలి ఒకడు. ఒకనికి టౌన్‌షిప్పులో క్వార్టరు, ఆసుపత్రి వసతి, భవిష్యనిధి. రెండవవాడు అదే ద్వారం గుండా లోపలికి పోతాడు, అదే వేడిలో నిలబడుతాడు, సాయంత్రం బస్తీకి పోతాడు. ఒకప్పుడు యాభైవేలు దాటిన స్థిర ఉద్యోగుల సంఖ్యలో నేడు మూడవ వంతు కూడ లేదు, కాంట్రాక్టువారు పెరిగారు. 2014 జూన్ 12న విషవాయువు పీల్చి ఆరుగురు మరణించారు. వారిలో పెద్ద అధికారులు కూడ ఉన్నారు. 2018 అక్టోబరు 9న కోకు బట్టీల దగ్గర వాయువు గొట్టంలో మంటలు లేచి పదిమందికి పైగా చనిపోయారు. రంగు, వాసన లేని ఆ వాయువు ఎవరి గుర్తింపు కార్డు ఏ రంగుదో చూడదు. చూచేది మనమే.

ఈ ప్రశ్నను ఈ ప్రాంతంలో గట్టిగా లేవనెత్తినవాడు క్రైస్తవ బోధకుడు కాడు. కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగీ. దల్లీ-రాజహరా గనుల కాంట్రాక్టు కూలీలను ఆయన కూడగట్టాడు. ఆ కూలీలు తమ చందాలతో, తమ చేతులతో కట్టుకొన్న షహీద్ ఆసుపత్రి 1983లో ఆరంభమైంది. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రిస్తున్న నియోగీని కాల్చి చంపారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు ఉండవచ్చును. కాని చందా అన్న మాటకు పౌలు కాలంలో ఉన్న బరువును గనికూలీలు మోసి చూపారనడంలో సందేహం లేదు. ఇది క్రైస్తవ సంఘాలు కొంచెం సిగ్గుతో చదువుకోవలసిన అధ్యాయం.

మరి తెలుగు సంఘం, మలయాళ సంఘం, హిందీ సంఘం అని వేరు వేరుగా కూడుకొనడం తగునా అని కొందరు ప్రశ్నిస్తారు. నేను దానిని తప్పు పట్టను. దూరదేశంలో తల్లి పాడిన భాషలో పాట పాడుకొనే కోరిక సహజమైనది; ఏడ్పు రెండవ భాషలో రాదు. కాని అక్కడొక ప్రమాదమున్నది. ఛత్తీస్‌గఢ్‌లో క్రైస్తవులు ఉక్కు కర్మాగారంతో రాలేదు. 1868లోనే ఆస్కార్ లోర్ అనే జర్మను మిషనరీ ఈ మైదానానికి వచ్చి బిశ్రాంపూరు నెలకొల్పాడు. ఛత్తీస్‌గఢీ మాట్లాడే క్రైస్తవులు భిలాయి పొగగొట్టాలకు తొంభై ఏళ్లు పెద్దలు. వారి ఇంటికి అతిథిగా వచ్చి, వారిని ఎన్నడూ పలకరించకుండ, మనవారమే చేరి సహవాసం బాగున్నదని సంతోషించడం వింత. పైగా కాలం ఎవరి కోసమూ ఆగదు. మూడవ తరం పిల్లలు ఇంట తెలుగు మాట్లాడినా చదివేది హిందీ. తాతల కీర్తనను దేవనాగరి లిపిలో వ్రాసుకొని పాడే పిల్లవాడు ఏ సంఘానికి చెందుతాడు?

జర్మనీలో హిట్లరు ఏలుబడిలో, ఫింకెన్‌వాల్డ్ అనే చోట డీట్రిచ్ బోన్‌హోఫర్ కొందరు యువ బోధకులతో కలిసి జీవిస్తూ ఒక శిక్షణాలయం నడిపాడు. 1937లో రహస్య పోలీసులు దానిని మూసివేశారు. ఆ అనుభవంతో 1939లో ఆయన సహవాసజీవితం మీద వెలువరించిన చిన్న పుస్తకంలో ఒక చేదు సత్యమున్నది. తాను కలగన్న సంఘాన్ని ప్రేమించేవాడు, ఎదుట ఉన్న సంఘాన్ని పాడుచేస్తాడని దాని సారాంశం. గొంతు బాగుండనివాడు గట్టిగా పాడుతాడు. అప్పు తీర్చనివాడు దీర్ఘంగా ప్రార్థిస్తాడు. నైట్ షిఫ్టువాడు ప్రసంగంలో గురక పెడతాడు. ఉన్నది వీరే. పాలివారిని ఎవరు ఎంచుకొంటారు?

ఉద్యోగ విరమణ నాడు క్వార్టరు ఖాళీ చేయక తప్పదు. కొందరు భిలాయిలోనే చిన్న ఇల్లు కట్టుకొంటారు. కొందరు సామాను లారీకి ఎక్కించి, వచ్చిన రైలుమార్గం వెంటనే శ్రీకాకుళానికో, పార్వతీపురానికో తిరిగిపోతారు. ముప్ఫై ఐదేళ్లు మలయాళీల ప్రక్కన, ఒరియావారి ప్రక్కన మోకరించి, ఒకే పాత్రలోనిది పుచ్చుకొన్న మనిషి ఇప్పుడు తన వాడలోని తన తాతల గుడిలో కూర్చుంటాడు. అక్కడ అందరూ ఒక కులమే, చాలమంది ఒక ఇంటిపేరు వారే. రెండు వీధుల అవతల మరొక గుడి ఉన్నది. ఆ వాడ వేరు. భిలాయిలో అతని ప్రక్క క్వార్టరులో ఉండిన మిత్రుడు ఆ వాడవాడే కావచ్చును, అతడు కూడ ఈ సంవత్సరమే తిరిగి వచ్చి ఉండవచ్చును. అక్కడ అయితే ఒకరి ఇంట కూర ఒకరి ఇంటికి గిన్నెలో పోయేది. ఇక్కడ ఆ గిన్నె రెండు వీధులు దాటాలి.